నల్లగీత చెప్పే సంగతి: పారదర్శక రంగులు, కప్పేసే రంగులు

శ్రీకాళహస్తి కలంకారీ బట్టను దగ్గరగా చూడండి. ముందుగా కసిమితో (ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే నల్లరంగు) గీసిన నల్లగీత మీదుగా రంగు పోయినా గీత అలాగే నిలుస్తుంది. పసుపు మీద నీలి పడితే ఆకుపచ్చ. తెల్లగా కనిపించేది వట్టి బట్ట. అదే బొమ్మను పోస్టర్ కలర్‌తో వేస్తే గీతలన్నీ చివర్లో మళ్లీ దిద్దుకోవాలి.

మీ వాటర్ కలర్లు పారదర్శకమో, కప్పేసేవో తేల్చుకోవడానికీ ఆ నల్లగీతే చాలు. 300 జీఎస్ఎం మందపు కాగితం మీద నీళ్లకు చెదరని ఇంకుతో 5 మి.మీ. పట్టీ గీసి బాగా ఆరనివ్వండి. ఒక్కో రంగును గట్టి మజ్జిగంత చిక్కగా కలిపి, పట్టీ దాటేలా ఒకే వాటున లాగండి. పలచనైతే ఏ రంగైనా పారదర్శకంగానే కనిపించి మోసం చేస్తుంది. ఆరాక చూడండి: నలుపు మీద రంగు జాడ లేకుంటే పారదర్శకం, పలచటి తెరలా ఉంటే మధ్యరకం, పొర తేలితే కప్పేసేది. చాలా కంపెనీల ట్యూబుల మీద ఖాళీ గడి, సగం నిండిన గడి, నిండు గడి ఉండేది ఇందుకే. అల్ట్రామెరైన్, థాలో అనే నీలాలు మొదటి రకం. కాడ్మియం పసుపు, టైటానియం తెలుపు చివరి రకం. పేరు పక్కన ‘హ్యూ’ అని ఉంటే లోపల వేరే పిగ్మెంట్ (రంగు పొడి) ఉండొచ్చు, పరీక్షనే నమ్మండి.

కొన్ని రంగులు ఎందుకు కప్పేస్తాయంటే, టైటానియం తెలుపు వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 2.7, ఆయిల్ రంగుల్లో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనెది 1.48. పొడికీ, దాన్ని కలిపినదానికీ తేడా ఎంత ఎక్కువైతే వెలుతురు అంతగా చెదిరి వెనక్కి వస్తుంది, కిందిది కనబడదు. సుద్ద గుణకం 1.6 దగ్గర, అందుకే నూనెలో కలిపితే దాని తెలుపు పోతుంది.

సాయంత్రపు ఎండలో శేషాచలం కొండచరియ వేయాలనుకోండి. పారదర్శకమని తేలిన పసుపు, దాని మీద బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమరంగు), నీడలో పలచటి అల్ట్రామెరైన్. ప్రతి పూతకూ ముందు చేతి వెనకభాగం ఆనించండి; చల్లగా తగిలితే ఇంకా తడే. ఆరకుండా రెండోసారి రుద్దితే కింది పూత లేచి బురద రంగవుతుంది. ఒకచోట మూడు పూతలకు మించకపోతే మేలు. కార్తీక మాసపు వానల్లో హెయిర్ డ్రయర్ తప్పదు. మే ఎండల్లో కాగితం ముందే తడపకపోతే పూత మధ్యలోనే ఆరి అంచు కట్టేస్తుంది.

కాడ్మియం పసుపును మాత్రం నీలం మీద వేయకండి, ఆకుపచ్చ మసకబారుతుంది. కిందే వేయండి. బొమ్మలో గోపురం దీపాలుంటే వాటి తెల్లచుక్కలు అన్నిటికన్నా చివర. నీడలో తెలుపు కలిసి పాలిపోతే పైన ఇంకో పూత వేసి లాభం లేదు. తడి బ్రష్‌తో రంగు లేపి, ఆరాక మళ్లీ వేయాలి.