ఆఫ్రికా మైదానాల వేట, మూడో పాఠం: క్రాస్‌బో ఎంచుకోవడం

మొదటి రెండు పాఠాల్లో జంతువుల్ని గుర్తుపట్టడం, వాటి ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో బొమ్మ గీసుకోవడం చేశాం. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ దానితో పని ఉంది. క్రాస్‌బో అంటే తుపాకిలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు. అది కొనాలనుకున్నవాళ్లు చాలామంది నేరుగా షాపుకే వెళతారు, నేనూ అలాగే వెళ్లాను. పెట్టె మీద బాణం వేగం సెకనుకు 400 అడుగులు అని కనబడితే చెయ్యి అటే పోతుంది. మనం వెనక నుంచి వద్దాం. ముందు జంతువు పక్కటెముకలు, తర్వాత దూరం, తర్వాత బాణం, తర్వాత మాటు (వేటగాడు దాక్కుని కూర్చునే గది) కిటికీ, ఇవన్నీ తేలాకే క్రాస్‌బో.

దానికంటే ముందు చట్టం సంగతి చెప్పాలి, ఇది వదిలేసి ముందుకు పోకండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి ఈ పాఠాలు దక్షిణాఫ్రికాలో ఉంటున్నవాళ్లకీ, అక్కడికి అనుమతితో వేటకు వెళ్లేవాళ్లకీ మాత్రమే. దక్షిణాఫ్రికాలో 2000 నాటి తుపాకుల చట్టం కింద క్రాస్‌బో తుపాకి కాదు, అందుకే బయటి దేశాల నుంచి తుపాకి తెచ్చుకునేవాళ్లు నింపే అక్కడి పోలీసు శాఖ వారి ఎస్‌ఏపీఎస్ 520 ఫారంతో దీనికి పని లేదు. అయితే ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన వేటకు అనుమతి అక్కర్లేదని కాదు. అక్కడి తొమ్మిది ప్రావిన్సులకూ వేట నియమాలు వేరువేరుగా ఉంటాయి, ఏ జంతువుని ఏ ఆయుధంతో, ఏ పర్మిట్ మీద అన్నది వేట ఏర్పాటు చేసే ఆయన దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాట సరిపోదు. పక్కనున్న నమీబియాలో మామూలు విల్లుతో వేటకు అనుమతి ఉంది కానీ క్రాస్‌బోకు లేదు. ఇది తెలియక రెండు దేశాలకూ కలిపి టికెట్లు కొనుక్కున్నవాళ్లని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు కాగితం తీయండి. మైదానపు జంతువులంటే మనం ఒకే రకం అనుకుంటాం గానీ వాటిలో తేడా చాలా ఉంది. స్ప్రింగ్‌బాక్ నలభై కిలోలకు అటూ ఇటూ, మగ ఇంపాలా అరవై కిలోల దగ్గర, కూడూ పోతు రెండు వందల కిలోలు దాటుతుంది, వైల్డ్‌బీస్ట్ కూడా ఇంచుమించు అంతే గానీ దాని కంటే మొండి జంతువు, జీబ్రా మూడు వందలు, ఈలాండ్ పోతు అయితే ఏడెనిమిది వందల కిలోల దాకా పోతుంది. వీటన్నిటిలో సమానంగా ఉండేది ఒకటే, గుండె, ఊపిరితిత్తులు ముందు కాళ్ల మధ్యన, ముందుకీ కిందికీ ఉంటాయి. అమెరికా జింకల వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు జబ్బ వెనకాల బెత్తెడు వదిలి కొడతారు, ఆ బాణం ఇక్కడ పొట్టలోకి పోతుంది. ముందు కాలి వెంట పైకి గీత గీసి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగాలి. అక్కడ కొట్టాలంటే జబ్బ దగ్గరి కండని, ఒక్కోసారి ఎముక అంచుని దాటి పోగలిగే బాణం కావాలి. ఎంపికంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక దూరం. లింపోపో ప్రావిన్సు లాంటి చోట వేట ఎక్కువగా ఎండాకాలపు నీటి గుంటల దగ్గర మాటు వేసి చేస్తారు. అక్కడ ఎండాకాలమంటే చలికాలమే, మే నుంచి సెప్టెంబరు దాకా వానలు దాదాపు ఉండవు, జంతువులు నీటికి రాక తప్పదు. విల్లు వేట కోసమే కట్టిన మాటుల్లోంచి నీటి అంచుకి పదిహేను నుంచి ముప్పై గజాలు ఉంటుంది. షాపులో అబ్బాయి ఎనభై గజాల్లో గురి చూపించి మెప్పిస్తాడు, అది అట్టపెట్టె మీద నిజమే. ఇంపాలాకి చెవులున్నాయి, అట్టపెట్టెకి లేవు.

ఈ లెక్క మీరూ చేసి చూడండి. సెకనుకు 350 అడుగులంటే సుమారు 107 మీటర్లు. శబ్దం వేగం సుమారు 340 మీటర్లు. 25 మీటర్ల దూరంలో నారి చప్పుడు ఇంపాలాకి సెకనులో ఏడు వందో వంతుల్లో (0.07 సెకనులో) చేరుతుంది, బాణం చేరడానికి ఇరవై మూడు వందో వంతులు పడుతుంది. అంటే చప్పుడు విన్నాక దానికి దొరికే సమయం పదహారు వందో వంతులు. ఉలిక్కిపడిన జంతువు పరుగుకి ముందు కాళ్లు వదిలేసి కిందికి కుంగుతుంది, ఆ పదహారు వందో వంతుల్లో అది పూర్తిగా కిందికి జారిపోయినా పదమూడు సెంటీమీటర్లకు మించి దిగలేదు, పైగా విని కదలడానికే అందులో కొంత పోతుంది. అదే 50 మీటర్లయితే దానికి ముప్పై రెండు వందో వంతులు దొరుకుతాయి, ఆ సమయంలో అర మీటరు దిగగలదు. ఇంపాలా గుండె, ఊపిరితిత్తుల చోటు నిలువునా జానెడుకి మించి ఉండదు, కాబట్టి మీరు గురి ఎంత బాగా పెట్టినా బాణం వీపు మీంచి పోతుంది, లేదా అంతకంటే ఘోరంగా వీపు కండలో దిగుతుంది. సరే, వేగం పెంచుదామని 420 అడుగుల క్రాస్‌బో కొన్నారనుకోండి, అదే 50 మీటర్లలో దిగే దూరం ముప్పై సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది, అంతే. రెట్టింపు డబ్బు పెట్టి కొన్న వేగం కంటే పాతిక మీటర్లలో కూర్చోవడం ఎక్కువ పని చేసింది.

అందుకే నా లెక్కలో వేగానికి ఒక హద్దు పెట్టుకోవచ్చు. పెట్టె మీద 340 నుంచి 380 దాకా రాసి ఉంటే సరిపోతుంది. ఆ అంకె కూడా కంపెనీ తేలిక బాణంతో కొలిచింది, మనం వాడేది బరువు బాణం, కాబట్టి మీ చేతిలో అంత రాదు.

బాణం దగ్గరే కాసేపు ఆగుదాం, డబ్బు, బుర్ర రెండూ పెట్టాల్సింది ఇక్కడే. క్రాస్‌బో బాణాన్ని బోల్ట్ అంటారు, బరువు గ్రెయిన్లలో చెబుతారు. ములికితో కలిపి 400 గ్రెయిన్లంటే 26 గ్రాములు, 500 అంటే 32 గ్రాములు. ఒకే క్రాస్‌బోలో 400 గ్రెయిన్ల బాణం 350 అడుగుల వేగంతో పోతే, 500 గ్రెయిన్ల బాణం సుమారు 320తో పోతుంది. శక్తి లెక్క కడితే మొదటిది 109 అడుగు-పౌండ్లు, రెండోది 114, పెద్ద తేడా లేదు. ద్రవ్యవేగం, అంటే బరువుని వేగంతో గుణించినది, అది చూస్తే మాత్రం రెండోది ఏడింట ఒక వంతు ఎక్కువ. తగిలాక ఆగకుండా లోపలికి పోయేది ఈ రెండోదే. పైగా బరువు బాణం వింటి శక్తిని ఎక్కువగా తీసుకుని పోతుంది, వింట్లో మిగిలే అదురు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. ఇందాకటి ఇంపాలా చెవుల లెక్కకి ఇది కూడా కలుపుకోండి. నమీబియాలో మామూలు విల్లుకి పెద్ద జంతువుల మీద కనీసం 65 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలని నియమం పెట్టుకున్నారు, ఈనాటి మధ్యరకం క్రాస్‌బో కూడా దాన్ని తేలిగ్గా దాటుతుంది. మనకి శక్తి కొరత లేదు, ఉన్న శక్తిని బరువైన బాణంలో పెట్టే ఓపిక కావాలి. నేను ఇంపాలాకి 450, కూడూ, వైల్డ్‌బీస్ట్, జీబ్రాలకి 500కి తక్కువ కాకుండా వాడతాను, బరువు ఎక్కువ భాగం ముందు వైపు ఉండేలా చూస్తాను. ములికి కదలని బ్లేడ్లది, గోటి మీద పెడితే జారకుండా పట్టేంత పదునుది కావాలి. తగిలాక విచ్చుకునే రకం ములికి విచ్చుకోవడానికే కొంత శక్తి తినేస్తుంది, జీబ్రా జబ్బ మీద నాకు దాని మీద నమ్మకం లేదు. ములికుల సంగతి వచ్చే పాఠంలో విడిగా చూద్దాం.

బాణం వెనక కొనలో నారి ఆనే చోటు, నాక్ అంటారు, అది మీ క్రాస్‌బో కంపెనీ చెప్పిన ఆకారమే ఉండాలి. అర్ధచంద్రాకారం చెప్పిన చోట చదునుది పెడితే నారి బాణం మీంచి జారిపోయి ఉత్తినే విడుదలవుతుంది, అప్పుడు వింటి చేతులు, లింబ్స్ అంటారు, అవి పగిలి ముఖం మీదికి రావచ్చు. కంపెనీ చెప్పిన కనీస బాణం బరువుకంటే తక్కువ వాడినా ఇదే ప్రమాదం. ఈ రెండు విషయాల్లో ఎవరి సలహా వినకండి, మీతో వచ్చిన పుస్తకం చూడండి.

ఇప్పుడు మాటు కిటికీ. ఇది ఏ షాపులోనూ చెప్పరు, నేను నేర్చుకున్న తీరు బాధగా ఉంటుంది. ఆ మాటులు చాలావాటిని భూమిలోకి తవ్వి, ఇటుకతోనో కాంక్రీటుతోనో కట్టి, నిలువుగా సన్నటి కిటికీలు పెడతారు, ఎందుకంటే అవి మామూలు విల్లు పట్టేవాళ్ల కోసం కట్టినవి. మామూలు విల్లు నిలువుగా ఉంటుంది, క్రాస్‌బో అడ్డంగా ఉంటుంది. నా మొదటి క్రాస్‌బో చేతులు చాపుకుని కూర్చున్నట్టుండేది, కిటికీలోంచి బయటికి పెట్టే వీలు లేక అడుగు వెనక్కి జరిగి కూర్చున్నాను. మంచి ఇంపాలా పోతు వచ్చింది, ఇరవై రెండు గజాలు, పక్కకి తిరిగి నీళ్లు తాగుతోంది, స్కోపులో అంతా శుభ్రంగా కనబడుతోంది, ట్రిగ్గర్ నొక్కాను, బాణం కిటికీ కింది అంచుకి తగిలి ఇటుక పొడి లేచింది. స్కోపు బాణం కంటే రెండు మూడు అంగుళాలు పైన ఉంటుంది కదా, స్కోపుకి దారి ఉంది, బాణానికి లేదు. ఆ బాణం దారి తప్పి దాని కాలికి తగిలి ఉంటే ఏమయ్యేదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడి రివాజు ఏమిటంటే రక్తం చుక్క కనబడితే జంతువు దొరికినా దొరక్కపోయినా డబ్బు కట్టాలి, కానీ నా భయం డబ్బు గురించి కాదు, కుంటుకుంటూ పొదల్లోకి పోయిన జంతువు ఎన్ని రోజులు బాధపడుతుందన్న దాని గురించి.

కాబట్టి కొనేముందు ఎక్కుపెట్టినప్పుడు వెడల్పు ఎంత అని అడగండి. ఇక్కడే రెండు రకాల మధ్య తేడా తెలుస్తుంది. ఒకటి రికర్వ్, కెనడా కంపెనీ ఎక్స్‌కాలిబర్ చేసేవి ఈ రకం, కప్పీలు ఉండవు, రెండు లింబ్స్, ఒక నారి. వెడల్పు ఎక్కువ, లాగడం కష్టం, కానీ నారి తెగితే చెట్టు కింద కూర్చుని చేత్తోనే మార్చుకోవచ్చు. రెండోది కాంపౌండ్, కొనల్లో కప్పీలు, కేబుళ్లు ఉంటాయి, రేవిన్ కంపెనీవి లాంటివి ఎక్కుపెడితే ఆరంగుళాల వెడల్పుకి వచ్చేస్తాయి, మాటులో ఎంతో సుఖం. దాని నారి పాడైతే మాత్రం చాలావాటికి వింటిని నొక్కి పట్టే ప్రత్యేకమైన ప్రెస్ కావాలి, పట్నానికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫామ్‌లో అది ఎక్కడ దొరుకుతుంది? మాటు వేట మాత్రమే చేసేవాళ్లకి నా ఓటు సన్నటి కాంపౌండ్‌కే, కొత్త నారి వేయించి, ఇంటి దగ్గరే యాభై బాణాలు వేసి సాగదీసి సరిచూసుకున్నాక తీసుకెళ్లండి. రోజుల తరబడి పొదల్లో తిరుగుతూ వేటాడేవాళ్లకి రికర్వ్ ఇవ్వమంటాను.

ఎక్కుపెట్టడం గురించి. లాగడానికి రెండు వందల పౌండ్ల బలం కావాల్సిన వింటిని తాడు కొక్కేలతో లాగితే సగం బరువే చేతికి తెలుస్తుంది, క్రాంక్, అంటే తిప్పే పిడి, ఉంటే ఇంకా తేలిక, పిల్లలు కూడా తిప్పగలరు. అయితే క్రాంక్ కొన్నిటిలో కటకటలాడుతుంది, మాటులో కూర్చుని రెండో బాణం పెట్టాలంటే ఆ చప్పుడుకి గుంట దగ్గర ఒక్క జంతువు మిగలదు. షాపులో కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినండి. వేట లేకుండా చీకటి పడ్డాక వింటిని ఎలా దించుతారో కూడా అడగండి, కొత్త రేవిన్, టెన్‌పాయింట్ మోడళ్లలో క్రాంక్‌తోనే వెనక్కి దించవచ్చు, మిగతావాటికి పాత బాణం ఒకటి పెట్టుకుని గురి దిబ్బలోకి కొట్టి ఖాళీ చేయాలి, ఉత్తి నారిని ఎప్పుడూ వదలకూడదు. ముందు చెయ్యి బొటనవేలు బాణం దారికి పైన ఉండకూడదన్నది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, వేలికి పైన గట్టి అడ్డు ఉన్న మోడలే తీసుకోండి.

ట్రిగ్గర్ మూడు, మూడున్నర పౌండ్ల దగ్గర జారకుండా ఒక్కసారిగా విడవాలి. స్కోపులో ఇరవై, ముప్పై, నలభై గజాల గుర్తులు చాలు, మాటు లోపల చీకటిగా ఉంటుంది గనుక సాయంత్రం వెలుగులో స్పష్టంగా కనబడుతుందా అన్నదే చూడండి. క్రాస్‌బో బరువు ఏడు పౌండ్లు దాటితే కర్ర ఆసరా కావాలి, అది కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

వచ్చే వారం లోపు చేయాల్సిన పని. పెద్ద అట్ట తీసుకుని అందులో పది అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు కిటికీ కోసి కుర్చీ ముందు నిలబెట్టండి. క్రాస్‌బో ఇంకా కొనలేదు కదా, ఒక కర్రకి మీరు అనుకుంటున్న మోడల్ వెడల్పున అడ్డకర్ర కట్టండి, పైన మూడంగుళాల ఎత్తులో ఒక గొట్టం స్కోపు బదులు కట్టండి. కూర్చుని, గొట్టంలోంచి ఇరవై గజాల అవతల చెట్టు మొదలు చూస్తూ, కర్ర కొన కిటికీ కింది అంచుకి ఎంత దగ్గరగా ఉందో పక్కనున్నవాళ్లని చూసి చెప్పమనండి. ఎడమకీ, కుడికీ తిరిగి మళ్లీ చూడండి. అడ్డకర్ర ఎక్కడ తగిలిందో, ఏ వెడల్పు దగ్గర తగలడం మానేసిందో కొలిచి రాసుకోండి, ఆ అంకె పట్టుకుని షాపుకి వెళ్లండి.