పార్టీ నియమావళి మార్చాలంటే ముందు పాత కాపీ చేతిలో ఉండాలి

చిన్న పార్టీల్లో నియమావళి అంటే రిజిస్ట్రేషన్ కోసం ఎవరో లాయరు గారు టైప్ చేయించి ఢిల్లీకి పంపిన కాగితాల కట్ట. ఆ తర్వాత దాన్ని తెరిచేవాళ్లు ఉండరు. అధ్యక్షుడి పదవీకాలం అయిపోయినప్పుడో, ఇద్దరు నాయకులకు పడనప్పుడో, కొత్తగా యువజన విభాగం పెట్టాలనుకున్నప్పుడో ఒక్కసారిగా అది గుర్తొస్తుంది. అప్పుడు హడావుడిగా మీటింగ్ పెట్టి, చప్పట్లతో సవరణ ఆమోదించి, మరునాడు పేపర్లో వార్త వేయించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. అవ్వదు. పార్టీ బాగున్నంతకాలం ఎవరూ అడగరు, చీలిక వచ్చిన రోజున మాత్రం ప్రతి కాగితాన్నీ బయటకు తీస్తారు. అందుకే ఈ పని ఎలా చేయాలో వరసగా రాస్తున్నాను.

మొదట మీ దగ్గరున్న నియమావళి, ఎన్నికల కమిషన్ రికార్డులో ఉన్న నియమావళి ఒకటేనా అని చూడండి. ఆఫీసు బీరువాలో మూడు రకాల కాపీలు ఉంటే కమిషన్ దగ్గరున్నదే లెక్కలోకి వస్తుంది. ఇదెంత పెద్ద విషయమో ఉద్ధవ్ ఠాక్రే, ఏక్‌నాథ్ షిండే వర్గాలుగా చీలిన మహారాష్ట్ర పార్టీ శివసేన గొడవ చూస్తే తెలుస్తుంది. 2023 ఫిబ్రవరిలో పార్టీ పేరు, గుర్తు షిండే వర్గానికి ఇస్తూ కమిషన్, 2018లో సవరించిన నియమావళి తమ రికార్డులో లేదని చెప్పింది. తాము తెలియజేశామని ఉద్ధవ్ వర్గం వాదించింది. 2024 జనవరిలో ఎమ్మెల్యేల అనర్హత కేసు తేల్చిన మహారాష్ట్ర స్పీకర్ కూడా 2018 నాటిది పక్కనపెట్టి, 1999 నాటి నియమావళినే ఆధారంగా తీసుకున్నారు. అంత పెద్ద పార్టీకే అలా జరిగితే, రసీదు కూడా దాచుకోని మన చిన్న పార్టీల సంగతి వేరే చెప్పాలా?

ఆ కాపీలో సవరణల గురించి రాసిన క్లాజు వెతకండి, సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది. నియమావళిని మార్చే అధికారం ఎవరిది? సర్వసభ్య సమావేశానిదా, రాష్ట్ర కార్యవర్గానిదా? ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, మామూలు మెజారిటీ చాలా, మూడింట రెండొంతులు కావాలా? ఈ క్లాజు మీకు నచ్చకపోయినా సరే, దాన్ని మార్చడానికి కూడా దాని ప్రకారమే వెళ్లాలి. కొన్ని పార్టీల్లో అత్యవసరమైతే కార్యవర్గమే సవరించి, తర్వాత సర్వసభ్య సమావేశంలో ఆమోదం తీసుకోవచ్చని ఉంటుంది. అలా ఉంటే ఆ రెండో మెట్టు ఎప్పుడూ వదిలేయొద్దు.

ఎందుకంటే అన్నాడీఎంకేలో తగాదా సరిగ్గా అక్కడే ముదిరింది. అప్పట్లో పన్నీర్‌సెల్వం సమన్వయకర్త, పళనిస్వామి సహ సమన్వయకర్త. 2021 డిసెంబరులో వాళ్ల కార్యవర్గం ఆ రెండు పదవుల ఎన్నికల నిబంధనను మార్చింది. 2022 జూన్ 23న జరిగిన జనరల్ కౌన్సిల్ (వాళ్ల సర్వసభ్య మండలి) దానికి ఆమోదం తెలపలేదు కాబట్టి ఆ పదవులే పోయాయని పళనిస్వామి వర్గం అంది. మేమిద్దరం కలిసి పిలవకుండా జులై 11న జనరల్ కౌన్సిల్ ఎలా పెడతారని పన్నీర్‌సెల్వం కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టులో సింగిల్ జడ్జి పన్నీర్‌సెల్వం వైపు, ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ పళనిస్వామి వైపు తీర్పిచ్చాక, 2023 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు డివిజన్ బెంచ్ తీర్పును సమర్థించింది. పదిహేను రోజుల ముందు నోటీసు సరిగ్గా ఇచ్చారా, పిలిచే అధికారం ఎవరిది అన్న మాటల మీదే నెలల తరబడి లాయర్లు వాదించుకున్నారు. కేసు వేయడానికి మీ దగ్గర అంత డబ్బు ఉండదు, కాబట్టి నోటీసు దగ్గరే జాగ్రత్తపడటం మేలు.

ఇక ముసాయిదా. పేజీని రెండు నిలువు వరుసలు చేసి, ఎడమవైపు ఇప్పుడున్న వాక్యం, కుడివైపు కొత్త వాక్యం రాయండి, కింద ఎందుకు మారుస్తున్నారో రెండు ముక్కలు చాలు. “తగిన మార్పులు చేయుటకు అధ్యక్షుల వారికి అధికారం ఇవ్వడమైనది” అనే తీర్మానం మాత్రం దయచేసి పెట్టొద్దు. నా దృష్టిలో అది సవరణ కాదు, సభ్యులందరూ తమ హక్కును ఒకరి జేబులో పెట్టి ఇంటికెళ్లిపోవడం. ఇప్పుడు పదవిలో ఉన్నవాళ్ల సంగతేమిటో కూడా ముసాయిదాలోనే రాయాలి. పదవీకాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గిస్తే అది నేటి కమిటీకి వర్తిస్తుందా, వచ్చే కమిటీ నుంచా? ఇది రాయకపోతే మరుసటి నెలలోనే గొడవ మొదలవుతుంది.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 29ఎ(5) ప్రకారం, భారత రాజ్యాంగం పట్ల, సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్య సూత్రాల పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతామని, దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను కాపాడతామని నియమావళిలో స్పష్టంగా ఉండాలి. భాష బాగోలేదని కూడా ఈ వాక్యాన్ని కదపొద్దు. పార్టీ రిజిస్ట్రేషన్‌ను కమిషన్ మామూలుగా రద్దు చేయడానికి వీల్లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి ఇదే: ఈ హామీని వదిలేసేలా పార్టీ తన నియమావళిని మార్చుకోవడం. అలాగే సంస్థాగత ఎన్నికలు అయిదేళ్లకు మించకుండా జరగాలన్న నిబంధన కూడా ఉండి తీరాలి.

శాశ్వత పదవుల జోలికి అసలు పోవద్దు. 2022 జులైలో గుంటూరు దగ్గర జరిగిన వైఎస్సార్‌సీపీ ప్లీనరీలో జగన్‌మోహన్‌రెడ్డిని జీవితకాల అధ్యక్షుడిని చేసేలా నియమావళి సవరించారని వార్తలొచ్చాయి. సెప్టెంబరులో ఎన్నికల కమిషన్ అది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని, ఏ పార్టీలోనూ శాశ్వత పదవులను ఒప్పుకోబోమని గట్టిగా రాసింది. నాయకుడి మీద అభిమానం ఎంతైనా ఉండొచ్చు, ప్రతిసారీ ఎన్నికలో నిలబెట్టి గెలిపించుకోండి.

సమావేశం రోజున హాజరు పుస్తకంలో సంతకాలు తీసుకున్నాకే మీటింగ్ మొదలుపెట్టండి. కోరం ఉందని మినిట్స్‌లో (సమావేశంలో జరిగినది రాసే పుస్తకంలో) రాయండి. ఎజెండాలో లేని సవరణను ఎవరైనా అప్పటికప్పుడు లేచి ప్రతిపాదిస్తే, ఎంత మంచిదైనా వచ్చే సమావేశానికి వాయిదా వేయండి. ప్రతి సవరణకూ విడిగా ఓటింగ్ పెట్టి, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, అనుకూలం ఎందరు, వ్యతిరేకం ఎందరు అన్నీ నమోదు చేయండి. వ్యతిరేకించినవాళ్ల మాట కూడా మినిట్స్‌లోకి ఎక్కాలి. “ఏకగ్రీవం” అని రాసేయడం తేలికే గానీ, చేయెత్తని మనిషి రేపు కోర్టులో అఫిడవిట్ వేస్తే ఆ మాట నిలబడదు.

తర్వాత ఢిల్లీ. పేరు, ప్రధాన కార్యాలయం, పదవుల్లో ఉన్నవాళ్లు, చిరునామా, ఇతర ముఖ్య విషయాల్లో ఏది మారినా ఆలస్యం లేకుండా కమిషన్‌కు తెలపాలని అదే చట్టంలోని 29ఎ(9) చెబుతోంది. నోటీసు కాపీ, హాజరు పట్టిక, మినిట్స్, తీర్మానం, సవరణలన్నీ కలిపిన కొత్త నియమావళి పూర్తి ప్రతి, ప్రతి పేజీ మీదా అధ్యక్షుడి లేదా ప్రధాన కార్యదర్శి సంతకం, పార్టీ ముద్ర. ఇవన్నీ లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరంతో అశోకా రోడ్డులోని నిర్వాచన్ సదన్‌కు పంపండి. స్పీడ్ పోస్టు రసీదు, అందినట్టు రుజువు రెండూ దాచండి. నేరుగా ఇస్తే మీ కాపీ మీద తేదీతో స్టాంప్ వేయించుకోండి.

పేరు మార్పు అయితే ఇంకాస్త ఓపిక కావాలి. టీఆర్ఎస్ 2022 అక్టోబరు 5న, దసరా రోజున తెలంగాణ భవన్‌లో బీఆర్ఎస్‌గా మారుతూ తీర్మానం చేసింది, పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరింది, కమిషన్ ఆమోదం డిసెంబరు 8న వచ్చింది. అప్పట్లో తెలంగాణలో అధికారంలో ఉన్న పార్టీకే రెండు నెలలు పట్టింది. అందుకని ఆమోదం రాకముందే కొత్త పేరుతో జెండాలు, సభ్యత్వ రసీదు పుస్తకాలు అచ్చు వేయించకండి.

చివరి పని, అందరూ మర్చిపోయేది: కొత్త నియమావళిని మండల కమిటీల దాకా పంపండి. మొదటి పేజీలో సవరించిన తేదీ, సమావేశం జరిగిన ఊరు ముద్రించండి. పాత కాపీలను పారేయకుండా “రద్దయినది” అని రాసి ఫైలులో ఉంచండి, రేపు ఏ తేదీన ఏ నిబంధన అమల్లో ఉందో తేల్చాల్సి వస్తే అవే కావాలి.