బెండకాయ అచ్చు కార్డు మీద పాకకుండా

సంక్రాంతికి పిల్లలతో గ్రీటింగ్ కార్డులు చేయిస్తే బెండకాయ అచ్చు వేయడం వాళ్లకు మహా సరదా. కానీ దాని జిగురుకి రంగు పాకి, పువ్వు కాస్తా మచ్చ అయిపోతుంది.

కాస్త ముదురు బెండకాయను తొడిమ నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా, ఒక్క కోతలో తెగ్గోయండి. తొడిమే పిడి. గింజలు పిన్నుతో తీసేసి, కోసిన వైపు కిందికి ఉండేలా పాత నూలు గుడ్డ మీద 20 నిమిషాలు వదిలేయండి. జిగురు చాలావరకు గుడ్డకే పోతుంది. తడిపి గట్టిగా పిండిన స్పాంజి మీద చెంచాడు పోస్టర్ కలర్ నీళ్లు కలపకుండా పరిచి, బెండకాయను దానిమీద అద్దండి, ముంచొద్దు. మొదటి అచ్చు రఫ్ కాగితం మీద, రెండోది కార్డు మీద వేయండి. ఆ రెండో అచ్చులో రేకుల అంచులు, మధ్యలో గింజల గదులు కూడా ఎంత చక్కగా పడతాయో!

డ్రాయింగ్ షీటు గానీ, పాత శుభలేఖల వెనక గరుకుగా ఉండే తెల్లవైపు గానీ బాగా పనికొస్తుంది. మెరిసే నున్నటి చార్టు మీద మాత్రం వేయకండి, రంగు జారిపోతుంది. లేత బెండకాయ అయితే నొక్కగానే నలుగుతుంది.