బోర్డర్ టెరియర్ ఇంట్లో ఉంటే: కనిపించే లక్షణం, అసలు కారణం, చేయాల్సిన పని

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులోని చెవియట్ కొండల్లో గొర్రెలు కాసే రైతులు, నక్కల బాధ పడలేక తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన చిన్న కుక్క బోర్డర్ టెరియర్. వేటగాళ్ల గుర్రాల వెనక పరుగెత్తేంత పొడవు కాళ్లు, నక్క బొరియలోకి దూరేంత సన్నటి ఛాతీ, వదులుగా ఉండే మందపాటి చర్మం, వాన లోపలికి దిగనివ్వని గరుకు బొచ్చు దీని ప్రత్యేకత. కుక్క జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ సంస్థ కెన్నెల్ క్లబ్ 1920లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. వేటకుక్కల గుంపుతో నక్కల్ని వేటాడటాన్ని ఇంగ్లండ్‌లో 2005 నుంచి నిషేధించారు గానీ, కుక్క స్వభావం మాత్రం మారలేదు.

ఈ జాతిని పెంచేవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. అల్లరి అని మనం తిట్టేది చాలాసార్లు దానికి పుట్టుకతో వచ్చిన పనే. ‘బాగానే ఉందిలే’ అని మనం వదిలేసేది కొన్నిసార్లు జబ్బు. నొప్పి వస్తే అరిచి గోల చేసే కుక్క కాదిది. అందుకే తిట్టే ముందు ఒకసారి ఒళ్లంతా తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

తోటంతా తవ్వేస్తోంది, ఫెన్స్ కింద నుంచి పారిపోతోంది

కారణం వెతకనక్కర్లేదు. మట్టిలో ఎలుక వాసన వచ్చినా, పక్కింటి తోటలో కుందేలు కదిలినా తవ్వడమే దాని పని. దానికి తోడు రోజంతా ఒంటరిగా వదిలేస్తే ఇంకా ఎక్కువ తవ్వుతుంది.

ఫెన్స్ పొడవునా గట్టి వెల్డెడ్ మెష్ వేయండి. మట్టిలోకి నిలువుగా ఒక అడుగు దింపి, ఇంకో అడుగు తోట లోపలి వైపుకి వంచి మట్టి కప్పాలి. కుక్క ఎప్పుడూ ఫెన్స్ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. పల్చటి కోళ్ల వల అయితే కొన్నాళ్లకే చిరిగిపోతుంది. తోటలో ఒక మూల ఇసుక పోసి, అందులో బొమ్మలో, ఎండు చేప ముక్కలో పాతిపెట్టి, అక్కడ తవ్వినప్పుడు మెచ్చుకోండి. తవ్వడం పూర్తిగా మాన్పించడం కుదరదు, చోటు మార్చడం కుదురుతుంది.

వాకింగ్‌లో బొరియలో దూరి బయటికి రాకపోతే కంగారుగా పార తేవొద్దు. అది బ్యాడ్జర్ (నేలలో గూళ్లు చేసుకునే అడవి జంతువు) బొరియ అయితే దాన్ని తవ్వడం బ్రిటన్‌లో 1992 నాటి చట్టం ప్రకారం నేరం. అక్కడే నిశ్శబ్దంగా కూర్చుని అప్పుడప్పుడు పిలుస్తూ ఉంటే చాలాసార్లు తనంతట తానే వస్తుంది. రాకపోతే అక్కడి జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏకి ఫోన్ చేసి సలహా అడగండి.

ఇంట్లో పిలిస్తే వస్తుంది, బయట చెవిన వేసుకోదు

భూమి లోపల యజమాని గొంతు వినిపించదు. అక్కడ సొంతంగా నిర్ణయం తీసుకోగల కుక్కల్నే ఆ రైతులు ఏరి పెంచారు. కాబట్టి ఇది మొండితనం కాదు. పది మీటర్ల పొడవు తాడు, మెడకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్, జేబులో ఉడికించిన చికెన్ ముక్కలు దగ్గరుంచుకోండి. వచ్చిన ప్రతిసారీ ముక్క పెట్టి మళ్లీ వదలండి. పిలవడం అంటే ఆట ముగిసిందని దానికి అర్థమైతే ఇక రాదు. ఆలస్యంగా వచ్చినా సరే తిట్టొద్దు.

గొర్రెలున్న పొలాల్లో మాత్రం ఎంత శిక్షణ ఉన్నా తాడు విప్పకండి. గొర్రెల్ని తరిమే కుక్కని రైతు కాల్చినా, కొన్ని పరిస్థితుల్లో బ్రిటన్ చట్టం ఆ రైతు వైపే ఉంటుంది. హ్యామ్‌స్టర్, గినీపిగ్ లాంటివి ఇంట్లో ఉంటే తలుపు మూసిన వేరే గదిలో ఉంచాలి. ‘మావాడు ఏమీ చేయడు’ అనే నమ్మకం పెట్టుకోవద్దు.

బొచ్చు చింపిరిగా, రంగు వెలిసి, వాసన వస్తోంది

దీని బొచ్చు రెండు పొరలు. పైన గరుకు వెంట్రుక, కింద మెత్తటి నూగు. పై వెంట్రుక పెరిగి, చనిపోయి, రాలకుండా అక్కడే ఉండిపోతుంది. చాలామంది గ్రూమర్ దగ్గర మెషిన్‌తో కొట్టించేస్తారు. మెషిన్ చనిపోయిన వెంట్రుక పైభాగాన్ని కోస్తుందే గానీ, వేరు అక్కడే ఉంటుంది. రెండు మూడుసార్లు అలా చేయిస్తే బొచ్చు మెత్తబడి, రంగు పాలిపోయి, వానకి ఒళ్లంతా తడిసి ముద్దవుతుంది.

చేత్తో పీకడమే దీనికి సరైన పద్ధతి. హ్యాండ్ స్ట్రిప్పింగ్ అంటారు. వినడానికి క్రూరంగా ఉంటుంది కానీ, వెంట్రుక పండితే, అంటే చనిపోయి ఊడటానికి సిద్ధమైతే, నొప్పి ఉండదు. పండిందో లేదో తెలుసుకోవడానికి వీపు మీద బొచ్చుని పాయ తీయండి. అది రెండు వైపులకీ వాలిపోయి మధ్యలో గీత నిలిస్తే సమయం వచ్చినట్టే. బొటనవేలు, చూపుడువేలు మధ్య నాలుగైదు వెంట్రుకల్ని కొసల దగ్గర పట్టుకుని, పెరిగిన దిశలోనే లాగండి. రెండో చేత్తో చర్మాన్ని ఒత్తి పట్టుకోవాలి. పండిన వెంట్రుక తేలిగ్గా ఊడి చేతిలోకి వస్తుంది, కుక్క తల కూడా తిప్పదు. గట్టిగా లాగాల్సి వస్తే ఆగిపోయి, రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. వేళ్లు జారుతుంటే రబ్బరు తొడుగులు, కాస్త సుద్దపొడి సాయపడతాయి.

మెడ వెనక మొదలుపెట్టి వీపు, పక్కలు, తొడలు అలా కిందికి రండి. పొట్ట కింద, తొడల లోపలి వైపు చర్మం సున్నితం కాబట్టి అక్కడ కత్తెర వాడొచ్చు. ఒకేరోజు ముగించాలనేం లేదు. రోజుకో అరగంట చొప్పున వారంలో చేసినా పర్వాలేదు. అయ్యాక కొన్నాళ్లు కింద నూగు మాత్రమే కనిపిస్తుంది, చలి రోజుల్లో స్వెట్టర్ వేయండి. కొత్త గరుకు బొచ్చు పూర్తిగా రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఏడాదికి రెండుసార్లు ఇలా చేస్తే చాలు. మాటిమాటికీ షాంపూతో స్నానం చేయించకండి. బురద ఆరాక బ్రష్ చేస్తే అదే రాలిపోతుంది.

లావైందో లేదో తెలియడం లేదు

బొచ్చు వల్ల కంటికి దొరకదు. కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం మగకుక్క 6 నుంచి 7 కిలోలు, ఆడకుక్క 5 నుంచి 6.4 కిలోలు. ఇంకో పాత పరీక్ష ఉంది. కుక్కని నిలబెట్టి, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ రెండు అరచేతులూ పట్టండి. మామూలు సైజు చేతులున్న మనిషి వేళ్లు కలవాలి. నక్క బొరియలో ఇరుక్కోకుండా ఉండటానికి పెట్టుకున్న కొలత అది. కలవకపోతే తిండి తగ్గించాల్సిందే. కళ్లల్లోకి చూస్తూ అడుగుతుంది, మన ఇళ్లల్లో అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారంటే తలా ఒక ముక్క పడుతుంది. రోజు తిండంతా పొద్దున్నే తూచి ఒక డబ్బాలో వేసి, ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలని చెప్పండి.

ఉన్నట్టుండి కాళ్లు బిగుసుకుపోయి, తూలుతూ, వణుకుతోంది

దీన్ని చూసిన ఎవరికైనా మూర్ఛ అనే భయం వేస్తుంది. ఈ జాతిలో మూర్ఛలా కనిపించే ఇంకో జబ్బు ఉంది. కెనైన్ ఎపిలెప్టాయిడ్ క్రాంపింగ్ సిండ్రోమ్, లేదా స్పైక్స్ డిసీజ్ అంటారు. కుక్క మత్తుగా నడుస్తుంది, ఒక కాలు గాల్లో నిలిచిపోతుంది, వీపు వంగిపోతుంది, కొన్నిసార్లు నేల మీద పడిపోతుంది. కానీ తెలివిలోనే ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే మనవైపు చూస్తుంది, దగ్గరికి రావాలని ప్రయత్నిస్తుంది. మూర్ఛలో చాలావరకు తెలివి ఉండదు, చొంగ కారుతుంది, ఉన్నచోటే మూత్రం పోతుంది.

దీనికీ గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్‌కీ సంబంధం ఉందని 2015లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనం చూపింది. గ్లూటెన్ లేని తిండికి మార్చాక అందులోని కుక్కల్లో చాలావరకు మెరుగుపడ్డాయి. తెలుగిళ్లలో ఇది బాగా పట్టించుకోవాల్సిన సంగతి. చపాతీ ముక్క, రస్కు, బ్రెడ్ అంచు, గోధుమరవ్వ ఉప్మా, టీలో ముంచిన బిస్కెట్ అన్నీ గోధుమే.

చేయాల్సిన పని వరుసగా చెప్తాను. ముందు దెబ్బ తగలకుండా చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, ఫోన్‌లో వీడియో తీయండి. వెట్‌కి (జంతువుల డాక్టరుకి) అదే పెద్ద ఆధారం. ఐదు నిమిషాలు దాటినా, తెలివి తప్పినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తంలో గ్లూటెన్ యాంటీబాడీల పరీక్ష గురించి అడగండి. ఆ పరీక్ష అయ్యేదాకా తిండి మార్చొద్దు, మారిస్తే ఫలితం తప్పుగా రావచ్చు. తర్వాత గోధుమ, బార్లీ, రై పూర్తిగా ఆపేయాలి. దంతాలకిచ్చే స్టిక్స్ వెనక అట్టమీద అక్షరాలు కూడా చదవాలి, మాత్రని చపాతీలో చుట్టి ఇవ్వడం మానాలి. అన్నం, మాంసం, బంగాళాదుంపతో ఇబ్బంది లేదు. తేడా కనిపించడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఒక్కరు జాలిపడి బిస్కెట్ పెట్టినా మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఇంటికొచ్చే చుట్టాలకి కూడా ముందే చెప్పండి.

ఒక పూట తినలేదు, మూలన పడుకుంది

వేరే కుక్కల్లో ఒక రోజు చూద్దామనుకోవచ్చు, బోర్డర్ టెరియర్‌లో వద్దు. గిన్నె వాసన చూసి పక్కకి పోయిందంటే లోపల ఏదో గట్టిగానే ఉంది. పిత్తాశయంలో పిత్తం చిక్కటి జిగురులా గడ్డకట్టే జబ్బు, గాల్‌బ్లాడర్ మ్యూకోసీల్, ఈ జాతిలో ఎక్కువగా వస్తుంది. వాంతులు, నీరసం, పొట్ట ముట్టుకుంటే బిగబట్టడం దాని లక్షణాలు. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, కళ్లలో తెల్లగుడ్డు చూడండి. పసుపు ఛాయ ఉంటే ఆ రోజే స్కానింగ్ చేయించాలి. పిత్తాశయం పగిలితే ప్రాణాల మీదకొస్తుంది.

పాయసంలోని కిస్‌మిస్, సాంబారులోని ఉల్లి కుక్కలకి విషం. తిన్నదని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెట్‌కి ఫోన్ చేయండి.

పిల్లని కొనబోతున్నాం, ఏం అడగాలి?

మూడు వారాల వయసులో వెనక కాళ్లు విపరీతంగా వణికే జన్యు వ్యాధి ఒకటి ఈ జాతిలో ఉంది. షేకింగ్ పప్పీ, లేదా ఎస్‌ఎల్‌ఈఎమ్ అంటారు. దానికి చికిత్స లేదు కానీ, జన్యు పరీక్ష ఉంది. తల్లిదండ్రులు రెండూ ఆ జన్యువుని మోస్తుంటేనే పిల్లకి వస్తుంది. కాబట్టి రెండింటిలో ఒకటైనా ‘క్లియర్’ (ఆ జన్యువు లేదు) అని ఉన్న రిపోర్టు చూపించమని అడగండి, దాని మీద ఉన్న మైక్రోచిప్ నంబరు ఆ కుక్కదేనా అని సరిచూడండి. రిపోర్టు ఇంటి దగ్గర మర్చిపోయాం, తర్వాత పంపుతాం అంటే డబ్బు కట్టకుండా వచ్చేయండి.