ఫైళ్లు తీసేసినా స్టోరేజ్ ఖాళీ కావడం లేదా? డిస్కులు కొనకముందు ఇవి చూడండి

ఒంగోలు, చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లకు స్టోరేజ్ పెట్టేది నేనే, మొరాయిస్తే వెళ్లి చూసేదీ నేనే. ఎక్కువగా వచ్చే ఫోను ఒకటుంది: "సార్, సగం డేటా డిలీట్ చేశాం, ఒక్క జీబీ కూడా తగ్గలా." నేను వెళ్లేసరికి కొత్త డిస్కులకు కొటేషన్ కూడా తెప్పించి పెట్టుకుని ఉంటారు.

నేనడిగే మొదటి ప్రశ్న: తీసేసింది నాస్‌లోనా (ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు పెట్టుకునే పెట్టె), ఎస్3 బకెట్‌లోనా (అమెజాన్ ఎస్3 పద్ధతిలో ఫైళ్లు దాచే చోటు)? "రెండూ స్టోరేజే గదా సార్" అంటారు. కాదు. రెండుచోట్లా కనిపించే సమస్య ఒకటే అయినా, జాగా దాక్కునే చోటు వేరు.

సమస్య: నాస్‌లో ఫైళ్లు పోయాయి, జాగా రాలేదు

కారణం దాదాపు ఎప్పుడూ స్నాప్‌షాట్లే, అంటే ఫలానా సమయానికి డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే గుర్తులు. ఫైలు తీసేస్తే దాని పేరు పోతుంది. పాత స్నాప్‌షాట్ ఏదైనా ఆ ఫైలు డేటా ఉన్న డిస్కు బ్లాకులను పట్టుకుని ఉంటే అవి కదలవు. స్నాప్‌షాట్ల పేజీ తెరిచి అవి ఎంత జాగా తింటున్నాయో చూడండి, రెండు నిమిషాల పని. ఎన్ని రోజులు ఉంచాలన్నది తగ్గించి, పాతవి తీసేయండి. అన్నీ ఒక్కసారిగా ఊడ్చేయకండి, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు దిక్కు అవే.

"రీసైకిల్ బిన్ ఖాళీ చేశాం సార్" అని కూడా అంటారు. వాళ్లు చేసింది విండోస్‌లోది. నెట్‌వర్క్ షేర్‌లో తీసేసిన ఫైలు అందులోకి రాదు. నాస్‌కు సొంత రీసైకిల్ ఫోల్డర్ ఆన్‌లో ఉంటే అక్కడ చూడాలి.

సమస్య: బకెట్ లిస్టింగ్‌లో సైజు తక్కువ, వాడకం లెక్కలో ఎక్కువ

ముందు వెర్షనింగ్ (ఫైలు పాత రూపాలను కూడా ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే డిలీట్ కొట్టినా పాత వెర్షన్ పోదు, దాని మీద డిలీట్ మార్కర్ అనే గుర్తు పడుతుందంతే. లైఫ్‌సైకిల్‌లో (గడువు దాటినవాటిని బకెట్ తనే తీసేసేలా రూల్స్ రాసే చోటు) మామూలు ఎక్స్‌పైరీ రూల్ పెట్టినా అదే జరుగుతుంది. పాత వెర్షన్లు పోవడానికి వేరే రూల్ ఉంటుంది, అదీ పెట్టాలి.

వెర్షనింగ్ ఆఫ్‌లోనే ఉందా? అయితే నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టిన దొంగ మీ దగ్గర కూడా ఉండొచ్చు.

ఒక క్వారీ వాళ్లు డ్రోన్ వీడియోలు, స్లాబ్ ఫోటోలు రోజూ రాత్రి స్క్రిప్టుతో బకెట్‌కు పంపేవాళ్లు. లిస్టింగ్‌లో సుమారు 3 టీబీ, వాడకంలో 6 దాటింది. వెర్షనింగ్ లేదు. ఎరేజర్ కోడింగ్ (డిస్కు పోయినా డేటా పోకుండా అదనపు ముక్కలు రాసే పద్ధతి) లెక్కేమో అనుకున్నాను. 8 డేటా ముక్కలకు 4 ప్యారిటీ, అంటే అదనపు ముక్కలు అయితే 1 టీబీకి డిస్కుల మీద 1.5 టీబీ పడుతుంది కదా. కానీ ఆ నిష్పత్తి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఇక్కడ తేడా రాత్రి రాత్రికీ పెరుగుతోంది. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది, వెలగలేదు.

చివరికి తేలింది ఏమిటంటే, సగంలో ఆగిన మల్టీపార్ట్ అప్‌లోడ్లు. పెద్ద ఫైలు ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, అన్నీ చేరాక "పూర్తయింది" అని చెబితేనే అది ఆబ్జెక్ట్, అంటే బకెట్‌లో ఒక పూర్తి ఫైలు అవుతుంది. అంతవరకూ లిస్టింగ్‌లో కనపడదు, జాగా మాత్రం పడుతుంది. లారీ నుంచి గోడౌన్‌లో సగం సరుకు దించారు, డ్రైవరు వెళ్లిపోయాడు, పుస్తకంలో ఎవరూ రాయలేదు. పుస్తకం చూస్తే గోడౌన్ ఖాళీ, అద్దె మాత్రం పడుతూనే ఉంటుంది.

మధ్యలో టైమౌట్ అయి ఆగినా, మనమే ఆపేసినా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కమాండ్ లైన్ టూల్ ఆ ముక్కలను తనే తుడిచేస్తుంది. కంప్యూటరే ఠక్కున ఆగిపోతే తుడిచే నాథుడు ఉండడు. ఆ క్వారీలో జరిగింది అదే. రాత్రి కరెంటు పోయేది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మర్నాడు స్క్రిప్టు అదే వీడియోను కొత్త అప్‌లోడ్‌గా మొదటి నుంచి పంపేది. నిన్నటి ముక్కలు నిన్నటివే, ఇవాళ్టివి ఇవాళ్టివే.

పరిష్కారం ఇది. లిస్ట్ మల్టీపార్ట్ అప్‌లోడ్స్ కమాండ్ కొట్టండి. ప్రతిదానికీ మొదలైన తేదీ వస్తుంది. పాతవాటికి అబార్ట్ (రద్దు) కొట్టండి. ఇప్పుడు నడుస్తున్నదానికి కొట్టారో, ఆ అప్‌లోడ్ పోయినట్టే. తర్వాత లైఫ్‌సైకిల్‌లో పూర్తికాని మల్టీపార్ట్ అప్‌లోడ్లను 7 రోజులకు అబార్ట్ చేసే రూల్ పెట్టండి. మీ పెద్ద ఫైలు వెళ్లడానికి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంటే గడువు పెంచండి. ట్యాగ్ ఫిల్టర్ (ఫలానా ట్యాగ్ తగిలించిన ఫైళ్లకే అనే షరతు) ఉన్న రూల్‌లో ఈ షరతు కుదరదు, బకెట్ మొత్తానికి విడిగా ఒక రూల్ రాయాలి. రూల్ పెట్టిన గంటకే ఫోన్ చేయకండి, లైఫ్‌సైకిల్ నడిచేది రోజుకోసారి.

సొంత సర్వర్‌లో మినియో (ఎస్3 తరహా స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నవాళ్లకు ఈ బెడద తక్కువ, డిఫాల్ట్‌గా 24 గంటలు దాటిన ముక్కలను అదే తీసేస్తుంది. మిగతా ఎస్3 తరహా సర్వర్లలో మీరే చూసుకోవాలి. ఏది వాడినా యూపీఎస్ బ్యాటరీ మార్చండి.

అరుదుగా

"డిస్క్ నిండింది" అంటూ జాగా కనిపిస్తుంటే ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోయి ఉంటాయి. లినక్స్‌లో డీఎఫ్ మైనస్ ఐ కొడితే తెలుస్తుంది, కోట్ల కొద్దీ చిన్న ఫైళ్లున్నచోట తప్ప పెద్దగా రాదు. ఎన్ఎఫ్ఎస్‌లో (లినక్స్ వాళ్లు వాడే నెట్‌వర్క్ షేర్ పద్ధతి) తీసేసిన ఫైలును ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి ఉంచితే, డాట్ ఎన్ఎఫ్ఎస్ అని మొదలయ్యే పేరుతో అది అక్కడే కూర్చుంటుంది. ఆ ప్రోగ్రామ్ ఆపండి, పోతుంది.

ఇంకొకటి. మదర్‌బోర్డ్ బ్యాటరీ కూడా పోయి, కరెంటు వచ్చాక కంప్యూటర్ గడియారం ఎప్పటి టైమో చూపిస్తుంటే, 15 నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉన్న రిక్వెస్టులను ఎస్3 తిప్పికొడుతుంది. అంటే మీరు తీసేశామనుకున్నవి అసలు తీసేయనే లేదు. స్క్రిప్టు లాగ్ తెరిచి చూడండి, ఎర్రర్ అక్కడే ఉంటుంది.