కుతూహలాన్ని పనికి తెచ్చుకోవడం ఎలా

సందేహం కలిగిన వెంటనే ఫోను అందుకోకుండా, ముందుగా దానిని ఒక పుస్తకంలో పూర్తి వాక్యంగా రాసుకోండి. ‘ఇత్తడి గురించి తెలుసుకోవాలి’ అన్నది కోరిక మాత్రమే. ‘ఇత్తడి గిన్నెలో చారు కాచే ముందు దానికి కళాయి ఎందుకు పూయిస్తారు’ అన్నది ప్రశ్న. మొదటిదానికి అంతు లేదు. రెండవదానికి జవాబు ఉంది: పులుపు తగిలితే ఇత్తడిలోని రాగి వంటలోకి దిగుతుంది, తగరపు పూత దానిని అడ్డుకుంటుంది. జవాబు దొరికాక కూడా, వీలైతే కళాయి వేసే మనిషి దగ్గర కాసేపు నిలబడి చూడండి. కాగిన గిన్నెలో నవాసాగరం చల్లి, తగరం తాకించి, గుడ్డతో రుద్దేసరికి లోపలంతా వెండిలా మెరవడం చూసినవారికి, ఆ పొడి ఎందుకు చల్లారన్న ప్రశ్న తనంతట తానే పుడుతుంది. అది లోహం మీది మకిలిని వదిలించి, తగరం అంటుకునేలా చేస్తుంది.

చేస్తున్న పనిలోనే ఎదురయ్యే చిన్న తేడాను వదలకుండా పట్టుకోవడం కుతూహలానికి అత్యుత్తమమైన వినియోగమని నా నమ్మకం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవాలలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించారు. కండరాల నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఆ రంగు ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా చిక్కబడేది. పరీక్ష సరిగా కుదరలేదని దానిని పారబోయవచ్చు. వారు అలా చేయక ఆలస్యానికి కారణం వెతికినందువల్లనే, మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని వెలువరించే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం 1927లో బయటపడింది. కాబట్టి మీ వంటలోనో, లెక్కల్లోనో, పొలంలోనో రోజూ జరిగేదానికి భిన్నంగా ఏదైనా జరిగితే, సరిదిద్దే ముందు ఏమి జరిగిందో తేదీతో సహా రాసిపెట్టండి.

ఇక నష్టాల విషయానికి వస్తే, అన్నిటికంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది చెదిరిపోవడం. కళాయి గురించి వెతకబోయి, తగరం గనులకూ, అక్కడి నుంచి ఏదో దేశపు యుద్ధానికీ వెళ్ళి, అర్ధరాత్రి దాకా చదివి, తెల్లవారాక ఏదీ గుర్తులేక బాధపడిన రోజులు నాకు చాలా ఉన్నాయి. దారిలో తగిలిన కొత్త ప్రశ్నను పుస్తకంలో కింద రాసి, మొదటిదానికే తిరిగి రావడం అలవాటు చేసుకున్నాక ఈ బాధ తగ్గింది. వారానికొకసారి ఆ జాబితా చూస్తే సగానికి పైగా కొట్టివేయదగినవిగానే కనిపిస్తాయి.

మనుషుల పట్ల కుతూహలానికి మరింత జాగ్రత్త అవసరం. జీతమెంత, పెళ్ళెప్పుడు, పిల్లలెందుకు లేరు అని పదిమందిలో ఆరా తీయడం మనవైపు ఆప్యాయతగా చెలామణి అవుతున్నా, అడిగించుకున్నవారికి అది గుచ్చుకుంటుంది. ఎదుటివారు ఇష్టంగా చేసే పని గురించి అడగండి: నేత నేసేవారిని పోగు తెగితే ఎలా అతుకుతారని, బస్సు నడిపేవారిని ఘాట్ రోడ్డు మీద బ్రేకులను ఎలా కాపాడుకుంటారని అడిగి చూడండి. వారు మాట దాటవేస్తే రెండోసారి అడగవద్దు.

చేసి చూడాలన్న ఉత్సాహానికి కూడా హద్దు ఉండాలి. బ్లీచింగ్ పౌడరులో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఏమవుతుందో చూద్దామని వాటిని ఎన్నడూ కలపకండి. మందులు, కరెంటు, తెలియని ఆకులు, పుట్టగొడుగుల విషయంలో ప్రశ్నను పుస్తకంలో రాసుకుని, తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళండి.