ఊరి స్కాలర్‌షిప్‌లో ‘ఆడపిల్లలకే’ అని రాయాలా? మేం మూడుసార్లు మార్చిన రూలు

మొదటి మీటింగులో ‘ఆడపిల్లలకే’ అన్న మాటకు అడ్డుపడింది నేనే. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో కలిసి ఇంటర్ చదివినవాళ్లం నలభై ఏళ్ల తర్వాత ఒకచోట చేరాం. భోజనాలయ్యాక, మన వైపు పిల్లల డిగ్రీ, పీజీ చదువులకు ఏదైనా చేద్దామన్నారు. తలా కొంత వేస్తే పది లక్షలు పోగయ్యాయి. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి లెక్కల పుస్తకం నాకిచ్చారు. మాతో చదివిన టీచరమ్మ ఒకావిడ లేచి, "ఇది ఆడపిల్లలకే ఇద్దామండీ" అంది. "పేదరికానికి ఆడా మగా ఏముందమ్మా?" అన్నాను. చప్పట్లు నాకే పడ్డాయి. రూలు కూడా నేను చెప్పినట్టే రాశాం. ఇంటర్ మార్కులు, ఇంటి ఆదాయం, అంతే.

మీ ఊళ్లోనో, మీ పాత కాలేజీ పేరుమీదో మీరూ ఇలాంటిది పెట్టాలనుకుంటే, మేం చేసిన తప్పులు మళ్లీ చేయకుండా ఉండటానికి ఇది రాస్తున్నాను.

ముందు ప్రభుత్వం ఏమిస్తోందో చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అది అబ్బాయికీ అమ్మాయికీ ఒకటే. కాబట్టి మీ డబ్బు మళ్లీ ఫీజులో పోయకండి. అమ్మాయిలకని విడిగా ఉన్నవాటిలో పెద్దది ప్రగతి, దేశంలో టెక్నికల్ చదువులను చూసే ఏఐసీటీఈ వారిది. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ లాంటి టెక్నికల్ కోర్సుల్లో చేరి, ఎంపికైన అమ్మాయికి ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల దాకా ఇస్తారు. శ్రీకాకుళం మహిళా కాలేజీలో బీఏ, బీఎస్సీ చదివే పిల్లకు ఇది రాదు. మా వైపు అమ్మాయిల్లో ఎక్కువమంది చదివేది అవే. కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ పద్ధతి వేరు. ఇంటర్‌లో 80 పర్సంటైల్ దాటి (అంటే తమ బోర్డులో మార్కుల్లో పై 20 శాతంలో ఉండి), ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు దేశం మొత్తం మీద ఏటా 82,000 కొత్తవి ఇస్తారు, వాటిలో సగం అమ్మాయిలకు. డిగ్రీలో ఏడాదికి 12,000. మేమూ ఆ అంకే పట్టుకున్నాం. పది లక్షల డిపాజిట్ మీద అప్పట్లో ఏడు శాతం వడ్డీ లెక్కన 70,000 వస్తుంది. ఐదుగురికి 12,000 చొప్పున 60,000 పోగా మిగిలింది ఖర్చులకీ, వడ్డీ తగ్గిన ఏడాదికీ.

ఇక మా మొదటి ఏడాది సంగతి. ఐదుగురిలో ఒకే ఒక్క అమ్మాయి ఎంపికైంది. పోలాకి వైపు పిల్ల, మార్కుల్లో అందరికంటే పైన. చెక్కు తండ్రి పేర రాసిచ్చాం (అది నా తెలివి). సంక్రాంతి తర్వాత టీచరమ్మ వెళ్లి చూస్తే పిల్ల ఇంట్లో ఉంది. డబ్బు తమ్ముడి కోచింగ్‌కి వెళ్లింది. ఆ తండ్రి చెడ్డవాడేం కాదు. నాతో నెమ్మదిగానే అన్నాడు: "ఆడపిల్లకేటున్నాది బాబూ, రేపు అత్తోరింటికెల్లిపోద్ది. గుంటడు నిలబడితే ఇల్లు నిలబడతాది."

ఆ రాత్రి మా చెల్లెలు గుర్తొచ్చింది. నన్ను శ్రీకాకుళం డిగ్రీకి పంపినప్పుడు దాన్ని పదితో ఆపేశారు. మా నాన్న కూడా చెడ్డవాడు కాదు.

అప్పుడు తెలిసింది నా లెక్కలో ఏం తప్పిందో. పోటీ ఈ ఊరి అమ్మాయికీ పక్క ఊరి అబ్బాయికీ మధ్య ఉంటుందనుకున్నాను. అసలు పోటీ ఇంట్లోనే, అక్కకీ తమ్ముడికీ మధ్య. మార్కుల లిస్టు మన చేతికి వచ్చేసరికే ఆ పోటీ అయిపోయి ఉంటుంది. ‘అమ్మాయికే’ అని కాయితం మీద రాసిన డబ్బుకు ఒక గుణం ఉంది. అది తమ్ముడికి మళ్లదు. పిల్లను చదివించాలని మనసులో ఉన్నా చుట్టాల ముందు చెప్పలేని తండ్రికి, "ఏటి సేసేది, ఆపేస్తే డబ్బులు ఆగిపోతాయంట" అనడానికి ఒక సాకు దొరుకుతుంది. రెండో ఏడాది ఐదుకి ఐదూ అమ్మాయిలకే అని మార్చినప్పుడు ఈ మాట నా చెవులతో విన్నాను. మాట్లాడింది వేరే ఊరి తండ్రి, పెళ్లిసంబంధం తెచ్చిన బావమరిదితో.

ఇలా చేయడం చట్టానికి విరుద్ధం కాదా అని మాలో ఒక ప్లీడరు మిత్రుడు పేచీ పెట్టాడు, తర్వాత జవాబూ తనే చెప్పాడు. రాజ్యాంగం 15వ అధికరణం లింగం పేరుతో వివక్ష చూపకూడదని ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. అందులోనే మూడో క్లాజు స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చంటుంది. ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం ఇస్తూ మన రాష్ట్రం పెట్టిన నియమం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1995లో విజయకుమార్ కేసులో కోర్టు దాన్ని నిలబెట్టింది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) సీట్లలో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు అమ్మాయిలకు ఉంటుందన్నది కౌన్సెలింగ్‌కి వెళ్లిన ఇళ్లన్నిటికీ తెలిసిందే. మనది సొంత నిధి, ఆ కట్టడి నేరుగా మన మీద లేదు. కానీ డబ్బు యూనివర్సిటీకి అప్పగించి వాళ్ల చేతుల మీదుగా ఇప్పించాలనుకుంటే వాళ్ల నిబంధనలు వాళ్లకుంటాయి. ముందే వెళ్లి మాట్లాడండి. సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి.

రెండో ఏడాది రూలుతోనూ దెబ్బ తిన్నాం. ఉద్దానం నుంచి, కవిటి వైపు కుర్రాడు ఒకడు వచ్చాడు. తండ్రికి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది. హాస్టల్ మెస్‌కి డబ్బు లేదు. మా రూలు ప్రకారం ఇవ్వడానికి లేదు. "సరేనండి" అని వెళ్లిపోయాడు. దసరాకి వాకబు చేస్తే చెన్నైలో పనికి కుదిరాడన్నారు. మా జిల్లాలో మగపిల్లల చదువు ఎక్కువగా ఇలాగే ఆగుతుంది. పద్దెనిమిది నిండితే సంపాదించే చెయ్యి అయిపోతాడు. చెన్నై, హైదరాబాదు, సముద్రం ఒడ్డు ఊళ్లయితే గుజరాత్‌లో వెరావల్ బోట్లు. అమ్మాయి చదువు ఆపేది ఒకటి, అబ్బాయి చదువు ఆపేది మరొకటి. ఒకటే రూలు రెండింటికీ సరిపోదు.

అందుకని మూడో ఏడాది రాసిన మాటలు ఇవి. మీకు పనికొస్తే యథాతథంగా వాడుకోండి:

"ఏటా ఇచ్చే ఐదు స్కాలర్‌షిప్‌లలో మూడు అమ్మాయిలకు. మిగతా రెండు అందరికీ. ఇంటి పెద్దకు దీర్ఘకాలపు జబ్బు ఉన్నవారికి, తల్లిదండ్రుల్లో ఒకరు లేనివారికి వీటిలో మొదటి అవకాశం. అమ్మాయిల వాటాలో తగిన అభ్యర్థులు లేకపోతే ఆ సొమ్ము మరుసటి ఏడాది అమ్మాయిల వాటాకే కలుస్తుంది. కుటుంబ ఆదాయం మూడు లక్షలు మించకూడదు. చదువు మధ్యలో పెళ్లయినా స్కాలర్‌షిప్ ఆగదు."

చివరి వాక్యం గురించి బాగా తగువైంది. పెళ్లయ్యాక అత్తవారు చూసుకోవాలి కదా అన్నారు కొందరు. పెళ్లయిన పిల్ల పరీక్ష రాయాలంటే మెట్టినింట్లో ఎంతమందిని ఒప్పించాలో టీచరమ్మ వివరంగా చెప్పింది. ఎవరూ మళ్లీ నోరెత్తలేదు. ఆదాయ పరిమితి కూడా వదలొద్దు. అది లేకపోతే కారున్న ఇంటి అమ్మాయి వచ్చి కూలి ఇంటి అబ్బాయిని పక్కకు నెడుతుంది. అప్పుడు జనం మన రూలుని తిడితే తప్పు పట్టలేం. మిగిలిన సొమ్ము మరుసటి ఏడాదికి దాచడం కూడా ఊరికే పెట్టలేదు. ‘లేకపోతే అబ్బాయిలకు’ అని రాస్తే, అమ్మాయిల అప్లికేషన్ల కోసం తిరిగే ఓపిక కమిటీకి మొదటి వారంలోనే పోతుంది. నాకే పోయేది.

అప్లికేషన్‌లో మార్కుల కంటే మాకు పనికొచ్చిన ప్రశ్నలు నాలుగు. ఇంట్లో చదువు మధ్యలో ఆపినవాళ్లు ఎవరు, ఎందుకు? కాలేజీకి ఎలా వెళ్తావు, బస్సు దిగాక ఎంత నడవాలి? ఇంట్లో పని నీకెన్ని గంటలు? ఈ డబ్బు రాకపోతే ఈ ఏడాది ఏం చేస్తావు? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఇల్లు తెలిసిపోతుంది. ఆడ, మగ అనే గడుల పక్కన మూడోది పెట్టడం మర్చిపోయాం. ఎచ్చెర్ల నుంచి ఒక విద్యార్థి ఫోన్ చేసి అడిగితే సిగ్గేసింది. ట్రాన్స్‌జెండర్‌ల గుర్తింపు గురించి 2014లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇప్పుడు గడి ఉంది. అమ్మాయిల వాటాలోకి ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా వస్తారని కింద చిన్న వాక్యం చేర్చాం.

ఇళ్లకు వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి, ఒకరు ఆడమనిషై ఉండాలి. తండ్రిని నాలాంటివాడు అరుగు మీద కూర్చోబెట్టి పంటల గురించి అడుగుతుంటే, ఆవిడ పిల్లతో లోపల మాట్లాడాలి. తండ్రి ముందు అడిగితే ప్రతి అమ్మాయీ "నాన్న చదివిస్తామంటున్నారండి" అనే చెప్తుంది.

డబ్బు పిల్ల సొంత ఖాతాకే వేయండి. జాయింటు ఖాతా వద్దు, నగదు అసలే వద్దు. ఖాతా కొత్తగా తెరిపించాల్సి వస్తే మీరే వెంట వెళ్లండి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుందో మూడు నెలలకోసారి సరదాగా అడగండి. ఒకేసారి 12,000 వేయకుండా జూలైలో సగం, పరీక్ష ఫీజు సమయానికి సగం వేస్తున్నాం. ఇవే ఖాతాలకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ కూడా రావాలంటే ఆధార్ లింకై ఉండాలి, అది కూడా అదే రోజు చేయించేయండి. చదువు ఖర్చుకిచ్చే స్కాలర్‌షిప్ మీద పిల్లలకు పన్ను ఉండదు, తండ్రులు ఈ సంగతి తప్పకుండా అడుగుతారు. ఒక ప్రభుత్వ పథకం తీసుకుంటే ఇంకొకటి కుదరదనే షరతులు చాలావాటికి ఉంటాయి. మనవల్ల పిల్లకు పెద్దది పోకూడదు, ఆ కాయితం ముందు చదవండి.

రూలు రాసి బీరువాలో పెట్టేయడం కుదరదు. మా ఫారంలో ‘అమ్మాయిలకు బస్సు ఖర్చు అదనంగా 2,000’ అని ఉండేది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇక ఆ 2,000 దేనికి? ఇప్పుడు బస్సు పాసు కొనేది మగపిల్లలే. తీసేద్దామంటే టీచరమ్మ ఒప్పుకోలేదు. ఊరి నుంచి హైవే దాకా ఆటో ఉచితం కాదు కదా అంది. చివరకు ‘బస్సు ఖర్చు’ కొట్టేసి ‘దారి ఖర్చు’ అని రాసి అందరికీ పెట్టాం. మూడేళ్లకోసారి రూలంతా మళ్లీ చదవాలని మినిట్స్ బుక్‌లో కూడా రాయించాం.

రానివాళ్లకు ఉత్తరం రాయండి, కారణంతో సహా. "మీ దరఖాస్తు ఆమోదం పొందలేదు" అని వదిలేయకండి. కవిటి కుర్రాడికి అప్పుడు అలాంటి ఉత్తరం కూడా వెళ్లలేదు. పోయిన నెల అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. కొత్త రూలు చెప్పి, మళ్లీ చేరతావా అని అడిగాను. "సూస్తానండి, నాన్నకి ఒంట్లో బాగుంటే" అన్నాడు. ఫారం వాట్సాప్‌లో పంపాను. ఆఖరు తేదీ జూన్ 30.